కొండ కుడిచేతి వైపు

జూలై 10

కాళ్ళు వాచిపోయాయి. ఆఫీసుకి సెలవు పెట్టేశాను. నిన్న మధ్యాహ్నం కొండ కింద తొలిపావంచ మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే, ఈ తెల్లవారికి మళ్ళీ అక్కడికే చేరాను. ముప్ఫై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. సింహాచలం కొండ చుట్టూ ప్రతి ఏడూ అన్నయ్యా నేనూ కలిసే తిరిగేవాళ్ళం. ఈసారి వాడికి డయాలసిస్ రోజు. అందుకని వాడి పేరున నేనొక్కదాన్నే తిరిగాను. వాడి పేరూ సింహాద్రే కాబట్టి అప్పన్నకి ఎవరి కోసమో విడమరిచి చెప్పే పని తప్పింది.

ముడసర్లోవ దగ్గర మజ్జిగ, అప్పూఘర్ దగ్గర పులిహోర, గోపాలపట్నంలో ఎవరో ఆవిడ బలవంతంగా కూర్చోబెట్టి కాళ్ళకి కొబ్బరినూనె రాసింది. అంత జనంలో దారి తప్పాలన్నా కుదరదు. చిన్నప్పుడు అమ్మ చెప్పింది రెండే మాటలు. కొండని కుడిచేతి వైపు ఉంచుకో. మొదలుపెట్టాక వెనక్కి తిరక్కు. బయలుదేరిన చోటికి అదే చేరుస్తుంది.

నా కిడ్నీ అన్నయ్యకి సరిపోవాలి అన్నది మొక్కు. దండం పెట్టినప్పుడు ఆ మాటే అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

జూలై 29

సరిపోయింది.

వదినది రక్తం గ్రూపు కలవలేదు, పైగా ఆవిడకి సుగరు. అమ్మా నాన్నా లేరు. వాళ్ళ పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. మిగిలింది నేనే. ఫోన్‌లో వదిన ఏడుస్తూ నవ్వింది. ‘‘సత్యా, నీ కాళ్ళకి దండమెట్టాలే తల్లీ’’ అంది. పెద్దది అలా అంటే ఏమనాలో తెలియక ‘‘ఊరుకో పైడితల్లొదినా’’ అని పెట్టేశాను.

ఆగస్టు 14

ఆస్పత్రిలో కమిటీ ముందు కూర్చోబెట్టారు. ‘‘ఎవరైనా ఒత్తిడి చేశారా?’’ అని అడిగారు. ప్రశ్న పూర్తవకముందే లేదనేశాను. అక్కడున్నాయన తలెత్తి చూసి నవ్వాడు. బాగా చదువుకొచ్చిన పిల్లలాగా ఉన్నాను కాబోలు.

తరవాత డాక్టర్ అనూరాధ గారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. తలుపు వేశారు. ‘‘సత్యశ్రీ గారూ, ఇది అందరికీ చెప్తాను, మీకూ చెప్తున్నాను. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వచ్చినా సరే, వద్దనుకుంటే వద్దనొచ్చు. వైద్యపరంగా కుదరలేదని మేమే మీవాళ్ళకి చెప్తాం. కారణం ఎవరికీ చెప్పం. మీ అన్నయ్య గారికి కూడా’’ అన్నారు.

‘‘నాకు ఆ అవసరం రాదండీ’’ అన్నాను.

‘‘రాకపోతే మంచిదే’’ అన్నారావిడ. అలా ఎందుకు చెప్పాలి ఆవిడ? లేని తలుపుని నాకెందుకు చూపించాలి?

ఆగస్టు 17

నాకు భయం లేదు.

ఆగస్టు 31

నాకు భయం లేదు. మా పోర్టు యార్డులో కంటైనర్ దించుతుంటే గొలుసు తెగినట్టు చప్పుడైంది. అందరూ అటు చూశారు, నేను నన్ను చూసుకున్నాను. నా చెయ్యి ఎడమ నడుము మీద ఉంది. వాళ్ళు తీసేది ఎడమదే.

సెప్టెంబర్ 9

ఆదివారం కాకపోయినా ఆనందపురం, అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అన్నయ్య అరుగు మీద కూర్చుని బంతిపూలు ఏరుతున్నాడు. మోచేతి దగ్గర డయాలసిస్ సూదుల మచ్చలు కనపడకుండా వదిన వాడికి పొడుగు చేతుల చొక్కా వేసింది. వాడి ముఖం చింతపండు రంగులోకి దిగింది. ఒకప్పుడు పూల బుట్ట నెత్తిమీద, నన్ను భుజం మీద పెట్టుకుని మార్కెట్‌కి నడిచినవాడు, ఇప్పుడు నాలుగు మెట్లెక్కి ఆగుతున్నాడు.

పక్కింటి పాపాయమ్మత్త వచ్చి నా గడ్డం పట్టుకుంది. ‘‘నీకేటే, మొగుడా, పిల్లలా. ఒకటుంటే సాలదేటి? భయమేటి నీకు?’’ అంది.

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మధురవాడ దాకా ఆ మాట నమిలి, మింగలేక, ఉమ్మలేక కూర్చున్నాను. మొగుడూ పిల్లలూ లేనివాళ్ళకి కిడ్నీలు ఊరికే వేలాడుతుంటాయా? నలభై ఒక్క ఏళ్ళు దీన్ని నేను నడిపించాను. ఉద్యోగానికి, సినిమాకి, ముప్ఫై రెండు కిలోమీటర్లకి. నాది కాదా ఇది?

రాసేశాను. రేపు ఈ పేజీ చించెయ్యాలి.

సెప్టెంబర్ 21

చించలేదు.

మా ఆఫీసు కేథరిన్, నేను రెండేళ్ళుగా అనుకుంటున్న మంచుకొండల ప్రయాణం ఉంది. టికెట్లు వేసవిలోనే తీశాం. ఇప్పుడు వాళ్ళత్తగారు దీవెనమ్మ గారు బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. కేథరిన్‌కి రావడం కుదరదు. ‘‘నువ్వూ మానెయ్యవే. ఆపరేషన్ పెట్టుకుని ఏటీ పిచ్చి? జొరం గానీ వొచ్చిందంటే వాయిదా అంటారు’’ అంది.

‘‘రాదులే’’ అన్నాను.

ఆపరేషన్ తరవాత కొన్ని నెలలు బరువులెత్తకూడదు, కొండలెక్కకూడదు. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. అంతే కారణం. అన్నయ్యకి ఢిల్లీలో ట్రైనింగ్ అని చెప్పాను. సంచిలో ఉన్ని టోపీ, కొత్త బూట్లు, థర్మామీటర్ పెట్టుకున్నాను. జాగ్రత్త కోసం.

అక్టోబర్ 5

మనాలి నుంచి ఇంకా పైకొచ్చి, ఒక చిన్న ఊళ్ళో దిగాను. చెక్క ఇల్లు, యాపిల్ తోట, ఇంటావిడ చేసే రాజ్మా. ముందు రోజు జల్లు పడిందని ఆవిడ అంటోంది. అక్టోబర్ మొదట్లోనే మంచు పడదులే, పడినా పైపైనే అని కూడా అంటోంది. నా హిందీ వైజాగ్ హిందీ, ఆవిడది కొండ హిందీ. ఇద్దరం నవ్వుతూ సరిపెట్టుకుంటున్నాం.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. ‘‘ట్రైనింగెలాగుందే? అక్కడ సలా? సెవులకి గుడ్డ కట్టుకో. వొళ్ళు జాగర్త’’ అన్నాడు.

రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదల్లేదంటారు. ఇన్ని వందల మైళ్ళు వచ్చి నేను ఆలోచించింది ఒకటే. ఒళ్ళు జాగ్రత్త అని వాడు నాకు చెప్పాడా, నా కిడ్నీకి చెప్పాడా? నాకు పదేళ్ళప్పుడు కామెర్లొస్తే నన్ను భుజాన వేసుకుని ఆకు మందుకి తీసుకెళ్ళినవాడి గురించి ఈ ఆలోచన. ఛీ.

అక్టోబర్ 7

బతికే ఉన్నాను. ముందు అది రాసుకోవాలి.

పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నాను. వేళ్ళు ఇంకా పూర్తిగా నావి కాలేదు, అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి.

పొద్దున్న బయలుదేరినప్పుడు ఎండ ఉంది. ఇంటావిడ రెండు పరాటాలు కట్టిచ్చింది. దేవదారు అడవిలోంచి పైకి ఎక్కితే ఒక పచ్చిక మైదానం వస్తుంది, దానికి ఒక చివర రాళ్ళు పేర్చిన చిన్న దేవతగుడి ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి వచ్చెయ్యమంది. దారి పొడుగునా రాళ్ళ మీద ఎర్ర రంగు గుర్తులు. ఇంత సులువైన దారికి ఈ బూట్లెందుకు కొన్నానా అనిపించింది. మూడు గంటల దారి అన్నదాన్ని నేను ఇంకా తొందరగానే ఎక్కేశాను. గిరిప్రదక్షిణ చేసేదాన్ని, ఇదెంత? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, గెలిచేసిన దానిలా గుడి ముందు కూర్చుని పరాటా తిన్నాను.

తింటూ ఉండగానే మబ్బు దిగింది. మొదట పరాటా మీద తెల్లగా ఏదో పడింది. ఉప్పేమో అనుకున్నాను. తలెత్తితే ఆకాశం మొత్తం రాలుతోంది. లంబసింగిలో గడ్డి మీద తెల్లపూత చూసి మంచంటే తెలుసనుకున్న మనిషిని నేను. ఇది వేరు. చప్పుడే లేదు. నాలిక చాపాను. లేచి నిలబడి గుండ్రంగా తిరిగాను. ఎవరూ లేరు కాబట్టి అరిచాను కూడా. చివరిసారి అంత సంతోషం ఎప్పుడు పడ్డానో గుర్తులేదు. వెంటనే దిగిపోవాల్సింది. దిగలేదు. టోపీ తీసి జుట్టు మీద పడనిచ్చాను. స్వెటర్ బొత్తాలు విప్పాను. ఎందుకు విప్పావు, సత్యశ్రీ? రాయి. తరవాత రాస్తాను.

చలి ఎముకల్లోకి దిగాక లేచాను. మైదానం తెల్లగా ఒకటైపోయింది. ఎర్ర రంగు గుర్తులన్నీ మంచు కింద ఉన్నాయి. అడవిలోకి దారి ఎక్కడ దిగుతుందో కనపడలేదు. ఎటు చూసినా అవే చెట్లు. ఫోన్‌లో సిగ్నల్ పొద్దున్నే పోయింది.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు. కంగారు పడకు అని నాకు నేనే చెప్పుకుని, కొండని కుడిచేతి వైపు పెట్టుకుని నడక మొదలుపెట్టాను! కొండ కుడిచేతి వైపు ఉంటే బయలుదేరిన చోటికే వస్తాం. పాతికేళ్ళుగా వస్తున్నాను. కాళ్ళు ఆ లెక్కే నమ్మాయి. మెదడు మారు మాట్లాడలేదు.

చాలాసేపు నడిచాను. మంచు మోకాలి కింది దాకా వచ్చింది. కొండ తిరుగుతోంది అనుకున్నాను. తిరగడం లేదు. ఒక మలుపు దాటితే ఇంకో కొండ, దాని భుజానికి మరో కొండ అంటుకుని ఉన్నాయి. సింహాచలం కొండకైతే చుట్టూ ముడసర్లోవ, హనుమంతవాక, గోపాలపట్నం ఉన్నాయి. దీనికి చుట్టూ అనేదే లేదు. ఇలాగే నడిస్తే టిబెట్ వెళ్తాను గానీ ఊరికి చేరను.

అది అర్థమయ్యాక కూడా ముందుకే నాలుగడుగులు వేశాను. వెనక్కి తిరక్కు అన్న అమ్మ మాట అంత గట్టిగా ఉంది లోపల. ఆ నాలుగో అడుగులో కాలు రెండు రాళ్ళ మధ్యకి జారింది. బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుంది. అయితే చెయ్యి మోకాలి మీదికి పోలేదు. రెండు చేతులూ ఎడమ నడుము మీదికి పోయాయి. మొహం మంచులో, చేతులు నడుముకి, అలా ఉండిపోయాను.

ఎవరి కోసం కాపాడానో నాకు తెలియలేదు. వాడి కోసమా, నా కోసమా? ఒకటి మాత్రం తెలిసింది. నేనిక్కడ పోతే ఇద్దరం పోతాం. నేను మంచులో ఈ రోజే, వాడు ఆనందపురంలో మెల్లమెల్లగా. ఆ మాట తట్టగానే, పోయిన నెలలన్నీ నేను మూసిపెట్టింది బయటికొచ్చింది. ‘‘అన్నయ్యా, నాకు భయంగా ఉందిరా’’ అని అరిచాను. కొండ మీద భయం గురించి కాదు. కోస్తారని భయం. మత్తులోంచి లేవనేమోనని భయం. మిగిలిన ఒక్కటీ రేపు పాడైతే నాకు ఇచ్చేవాళ్ళెవరని భయం. అన్నీ గట్టిగా అరిచాను. ఏ కొండా ఏమీ అనుకోలేదు. మంచు అలాగే పడుతోంది.

ఏడుపు అయ్యాక ఒళ్ళు తేలికపడింది. లేచి వెనక్కి చూశాను. నా అడుగులు ఇంకా కనిపిస్తున్నాయి, అంచులు పూడుతున్నాయి. ఇంకొంచెం ఆగితే అవీ ఉండవు. ‘‘సింహాద్రప్పన్నా, తప్పయిపోయింది, కొండని ఎడమచేతికి పెడుతున్నాను’’ అని పైకే చెప్పి వెనక్కి తిరిగాను. పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు. ఒక్కో గుంతలో నా బూటే మళ్ళీ పెడుతూ వచ్చాను. కొన్నిచోట్ల గుంత లేదు, చేత్తో తడిమి వెతికాను.

గుడి కనిపించింది. పొద్దున్న గుడికి వీపు పెట్టి కూర్చుని పరాటా తింటున్నప్పుడు ఎదురుగా పిడుగు పడి చీలిన చెట్టొకటి చూశాను. దాని పక్క నుంచే పైకి వచ్చాను కదా. మళ్ళీ అలాగే వీపు ఆనించి కూర్చున్నాను. మంచు పల్చబడేదాకా ఆ దిక్కే చూస్తూ ఉన్నాను. చీలిన చెట్టు కనిపించింది. దాని పక్కన పెద్ద బండ, బండ పక్కవాటున, మంచు నిలవని చోట, ఎర్ర రంగు.

ఊరు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి అరగంట తిట్టింది. ఒక్క మాటా అర్థం కాలేదు, అన్నీ అర్థమయ్యాయి. తరవాత నా బూట్లు ఆవిడే విప్పింది.

అక్టోబర్ 8

తరవాత రాస్తానన్నది రాయాలి.

పొద్దున్నే థర్మామీటర్ పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. జలుబైనా లేదు. దాన్ని చూసి ముందు కలిగింది నిరాశ. అవును, నిరాశే. నేనిక్కడికి మంచు చూడ్డానికి రాలేదు. జ్వరం కోసం వచ్చాను. ఊపిరితిత్తుల్లోకి చలి పట్టి, ఆపరేషన్ వాయిదా పడి, అలా అలా జరిగిపోయి, నేను వద్దనకుండానే వద్దన్నట్టు అయిపోవాలని వచ్చాను. అందుకే థర్మామీటర్. అందుకే విప్పిన స్వెటర్. డాక్టరు గారు తలుపు చూపిస్తే, దాన్ని తెరిచే ధైర్యం లేక, గోడకి కన్నం పెట్టబోయాను.

ఇంత మోసం నాలో ఉందని నాకు తెలియదు. సిగ్గుగా ఉంది. అయినా ఆ మోసం చేసిన మనిషి మీద జాలిగానూ ఉంది. దాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పాపం, అందరూ దండాలు పెట్టారు, మెచ్చుకున్నారు, గడ్డం పట్టుకున్నారు. ఇస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అన్నయ్య కూడా.

అక్టోబర్ 12

ఆనందపురం వెళ్ళాను. వదిన లోపల వంట చేస్తోంది. అన్నయ్య అరుగు మీద చామంతులు ఏరుతున్నాడు. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఢిల్లీ అబద్ధం ముందు చెప్పేశాను. మంచులో పడ్డ సంగతీ చెప్పాను. చేతిలో పువ్వు చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

‘‘ఎందుకెల్లేవే?’’

‘‘భయమేసి. ఆపరేషనంటే భయంగా ఉందన్నయ్యా నాకు.’’

వాడు పువ్వుని బుట్టలో పడేశాడు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను.

‘‘నానేటి రాత్రులు పడుకుంతన్నాననుకున్నావా?’’ అన్నాడు. ‘‘నీది తీసి నాలో పెడతారు. అది పన్జెయ్యలేదనుకో. నిన్ను ఊరికే కోయించినోడినైపోనూ? ఆ మాట ఎవులితో సెప్పుకుంతాను? మీ వొదినతో అంతే ఏడుత్తాది. నీతో అందామంతే, నువ్వు నవ్వుకుంతా తిరుగుతన్నావు. ధైర్నం గల ఆడగుంటని సూసి నాకే సిగ్గేసింది.’’

‘‘నువ్వు నన్నడిగేవేటి?’’

‘‘ఏటడగాలి?’’

‘‘కిడ్నీ ఇత్తావా అని. ఒక్కపాలైనా అడిగేవా?’’

‘‘లేదు’’ అన్నాడు పువ్వుల్లోకి చూస్తూ. ‘‘సిన్నప్పట్నుంచీ నీకు ఇచ్చినోడినే గానీ అడిగినోడిని కాదు. నోరు రానేదే. డాక్టర్లే సూసుకుంతారులే అనుకున్నాను.’’

డాక్టర్ అనూరాధ గారు చెప్పింది కూడా చెప్పేశాను. వద్దంటే కుదరలేదని వాళ్ళే చెప్తారని, నీకు ఎప్పటికీ తెలియదని. ఇది చెప్పేస్తే ఇంక నాకు ఆ తలుపు ఉండదని తెలిసే చెప్పాను. రేపు ఆస్పత్రివాళ్ళు నిజంగానే కుదరలేదన్నా, వీడు నమ్మడు.

‘‘మరి నాకెందుకు సెప్పేసినావే పిచ్చిదానా? ఊరుకుంటే నీకు దారుండును గదా.’’

‘‘వద్దంటే నీ మొహమ్మీదే వద్దంటాను. దొంగదారెందుకు నాకు?’’

వాడు లేచాడు. గోలెం దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆ నాలుగడుగులకే ఆయాసపడుతూ వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు. పెద్దవాడు, అరుగు మీద నేను, నేల మీద వాడు. లెమ్మంటే లేవలేదు.

‘‘సత్యా, నీ కిడ్నీ ఒకటి నాకిత్తావా?’’

నోటి చివర ఉన్న మాట పాత అలవాటు ప్రకారం బయటికి వచ్చెయ్యబోయింది. ఆపాను.

‘‘రేపు సెప్తాను.’’

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. వదిన గుమ్మంలోకి వచ్చింది, మొహం తెల్లబోయి ఉంది. ‘‘రేపేటి? ఇన్నాళ్ళూ ఇత్తానని...’’

‘‘నువ్వుండవే పైడీ’’ అన్నాడు అన్నయ్య. ‘‘అడిగినోడిని నాను. రేపన్నాది, రేపే సెప్తాది. కాదన్నా నా సెల్లెలే.’’

భోజనం చేసే వచ్చాను. వదిన నా మొహం చూడకుండానే వంకాయ కూర రెండోసారి వేసింది.

అక్టోబర్ 13

రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపట్టింది. పొద్దున్న లేచి టీ పెట్టుకుని, ఆ ప్రశ్నని కొత్తగా విన్నట్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వద్దనొచ్చు. నిజంగా అనొచ్చు. వద్దంటే ఏమవుతుందో మొత్తం ఊహించుకున్నాను, ఏదీ దాటవెయ్యకుండా. తరవాత ఇంకో వైపు కూడా.

పోర్టు గేటు దగ్గర బస్సు దిగి ఫోన్ చేశాను. లారీలు వరసగా ఆగి హారన్లు కొడుతున్నాయి. వాడు మొదటి రింగుకే ఎత్తాడు. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నట్టున్నాడు.

‘‘ఇత్తాను అన్నియ్యా’’ అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తున్నాడని తెలుసు. ఏడవనిచ్చాను. నేనూ గేటు పక్కన గోడకి తిరిగి నిలబడ్డాను.

‘‘భయం పోయిందేటే?’’ అన్నాడు.

‘‘లేదు. నీకు?’’

‘‘నాకూ పోలేదు. ఆస్పత్రికి ఇద్దరం ఒకే ఆటోలో ఎల్దాం’’ అన్నాడు.

సరేనన్నాను.